నంబరు లేని పాత తుపాకీ ఇంట్లో ఉంటే: విశాఖ చుట్టుపక్కల వాళ్లకు చట్టబద్ధమైన దారులు

పాత మేడ విప్పుతున్నప్పుడో, ఊళ్లో అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటున్నప్పుడో అటక మీద తాతల నాటి తుపాకీ బయటపడటం ఉత్తరాంధ్రలో వింతేమీ కాదు. జమీందారీలు నడిచిన నేల, పక్కనే వేట సాగిన మన్యం. దొరికినది లైసెన్సున్న డబుల్ బ్యారెల్ అయి, తయారీదారు లోహం మీద కొట్టిన నంబరు స్పష్టంగా ఉంటే పని తేలిక. నంబరు లేకపోతే మాత్రం చట్టం మీ వైపు అనుమానంగా చూస్తుంది. ఆ అనుమానాన్ని కాగితాలతో తీర్చాలి. దానికి ఏం చేయాలో వరసగా చూద్దాం.

ముందు చట్టం ఏమంటోంది

ఆయుధాల చట్టం 1959లో దీనికి గుండెకాయ సెక్షన్ 8. తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తు చెరపడం, తీసేయడం, మార్చడం, దొంగది వేయడం నేరమని మొదటి ఉపసెక్షన్ అంటుంది. తయారీదారు పేరు గానీ, నంబరు గానీ, కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన మరో గుర్తు గానీ లేని తుపాకీని అమ్మకూడదు, బదిలీ చేయకూడదు అని రెండోది. అసలు చిక్కు మూడోదానిలో ఉంది: అలాంటి తుపాకీ మీ దగ్గర దొరికితే, కాదని మీరు రుజువు చేసేదాకా, ఆ గుర్తు చెరిపింది మీరేనని కోర్టు అనుకుంటుంది. చట్టం వచ్చేనాటికే అలాంటి తుపాకీ ఉన్నవాళ్లకు ఒక ఏడాది వెసులుబాటు ఇచ్చారు. చట్టం అమల్లోకి వచ్చింది 1962 అక్టోబరు 1న కాబట్టి ఆ ఏడాది ఎప్పుడో గడిచిపోయింది.

ఇక్కడ చాలామంది గమనించని మాట 'బదిలీ'. ఈ చట్టం నిర్వచనంలో అద్దెకివ్వడం, అరువివ్వడం, ఊరికే ఇచ్చేయడం, చేతులు మార్చడం అన్నీ బదిలీ కిందికే వస్తాయి. దసరా ఆయుధ పూజలో పెట్టుకుంటానని బావమరిది అడిగితే ఇచ్చినా బదిలీయే.

లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే సెక్షన్ 25(1బి)(ఏ) కింద 2019 సవరణ తర్వాత రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. లైసెన్సు తప్పనిసరి అనే సెక్షన్ 3 ఉల్లంఘన మీద కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలని సెక్షన్ 39లో ఉంది. పోలీసులు మీ దగ్గరికి రాకముందే మీరే రాసి పెట్టిన ఉత్తరం ఆ దశలో చాలా పని చేస్తుంది.

మొదటి మెట్టు: ఖాళీగా ఉందనుకోవద్దు

మూతి నుంచి మందు కూరే తుపాకులు, మనవాళ్లు భర్మార్ అనేవి, లోపల మందూ రవ్వలూ దట్టించి ఉండగానే దశాబ్దాలు అటక ఎక్కి ఉంటాయి. ఆ నల్ల తుపాకీమందు తడి తగలకపోతే ఏళ్ల తర్వాతైనా అంటుకుంటుంది. సుత్తిని లాగి చూడొద్దు, నిపుల్ (మందుకు నిప్పందించే చిన్న గొట్టం) మీద టోపీ (దెబ్బకు పేలే చిన్న మూత) ఉంటే ముట్టొద్దు. గొట్టాన్ని మనుషుల వైపు తిప్పకుండా ఎక్కడున్నది అక్కడే ఉంచి, పిల్లలను అవతలికి పంపి గది తాళం వేయండి.

దట్టించి ఉందా లేదా అన్నది ఆర్మరర్లు (ఆయుధాల మరమ్మతు నిపుణులు) తేల్చే పద్ధతి తేలికైనదే. మందు దట్టించే కడ్డీని గొట్టంలో చివరిదాకా వదిలి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూస్తారు. కడ్డీ కొస నిప్పు తగిలే రంధ్రం దాకా రాకుండా నాలుగైదు సెంటీమీటర్లు ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టు. ఇది తెలుసుకోవడానికి చెప్పిందే, ఇంట్లో చేయమని కాదు. పక్కన తూటాలు, మందు కొమ్ము, టోపీల డబ్బా దొరికితే వాటి వివరం కూడా రాసుకోండి. తుపాకీ పనికిరానిదే అయినా, మందుగుండు మీద వేరే కేసు నిలబడుతుంది.

రెండో మెట్టు: తోమకుండా ఫొటోలు

విశాఖ ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. తుప్పు చూడగానే చింతపండో, నిమ్మకాయో, గరుకు కాగితమో పట్టుకుని తోముదామనిపిస్తుంది. అదే అన్నిటికన్నా పెద్ద నష్టం. చింతపండు పులుపు ఇత్తడికి మెరుపునిస్తుందేమో గానీ ఉక్కు మీది సన్నని ముద్రను తినేస్తుంది. పైగా కొత్తగా తోమిన చోటు, కొత్తగా చెరిపిన చోటులా కనిపిస్తుంది. సెక్షన్ 8(3) అనుమానానికి మీరే సాక్ష్యం తయారుచేసి ఇచ్చినట్టవుతుంది.

చేయాల్సింది ఇది: దొరికిన చోటునే, పక్కన ఒక స్కేలు పెట్టి, పైనా కిందా రెండు వైపులా ఫొటోలు. తర్వాత గది చీకటి చేసి, టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టి లోహం మీది ప్రతి గుర్తునూ దగ్గరగా తీయాలి. ఎదురుగా వెలుగు పడితే అరిగిన అంకె కనిపించదు, పక్క వెలుగులో నీడ పడి తేలుతుంది. ఫోన్లో తేదీ, సమయం చెరిగిపోకుండా అసలు ఫైళ్లు దాచుకోండి.

మూడో మెట్టు: నంబరు నిజంగా లేదా, కనిపించడం లేదా?

ఇది తేల్చడానికి కాస్త సమయం పెట్టడం లాభం. నంబరు లేదంటూ వచ్చినవాటిలో కొన్నిటికి నంబరు ఉంటుంది, వెతకాల్సిన చోట వెతికి ఉండరు.

విరిచి తూటా పెట్టే రెండు గొట్టాల తుపాకీ, అంటే లైసెన్సు భాషలో డీబీబీఎల్. దీనికి ముద్రలు ఎక్కువగా గొట్టాల అడుగున ఉండే చదును భాగం మీద, అది వచ్చి కూర్చునే యాక్షన్ (పేల్చే యంత్రాంగం ఉండే భాగం) మీద, ముందు కర్ర కింది ఇనుము మీద, ట్రిగ్గర్ గార్డు తోక మీద ఉంటాయి. ముందు కర్ర ఊడదీస్తే గానీ వీటిలో సగం కనిపించవు. ఆ పని ఆర్మరర్ చేతనో, లైసెన్సున్న డీలర్ చేతనో, పోలీసుల ఎదుటే చేయించండి. భర్మార్ అయితే, అంటే ఎస్‌బీఎంఎల్, లాక్ ప్లేటు (సుత్తి పక్కనుండే ఇనప రేకు), గొట్టం వెనక కొస, దాని తోక చూడాలి. ఎన్‌ఫీల్డ్ రకం బోల్ట్ రైఫిలైతే బోల్ట్ పిడి, గొట్టం మొదట్లోని రింగు, మూతి దగ్గరి ఇనప తొడుగు, వెనక గురి ఆకు చూడాలి. ఒకే అంకె ఇన్ని చోట్ల వేసేవారు కాబట్టి ఒకచోట అరిగినా మరోచోట మిగిలి ఉండొచ్చు.

కనిపించిన ప్రతి అంకే నంబరు కాదు. బ్రిటిష్ తుపాకుల మీద వజ్రం ఆకారంలో 12 అని ఉంటే అది బోర్, అంటే పట్టే తూటా సైజు. 13/1 లాంటిది గొట్టం లోపలి కొలత. పేటెంట్ అని పక్కనున్న అంకె యాక్షన్ పేటెంటుది. కిరీటం కింద అక్షరాలు లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకీ గొట్టాలను పరీక్షించే సంస్థ) ముద్రలు, గుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ అని ఉంటే బెల్జియంలోని లీజ్ ప్రూఫ్ ముద్ర. పేటెంటు అంకెను నంబరుగా దరఖాస్తులో రాస్తే, తర్వాత ఆర్మరర్ రిపోర్టుతో పొంతన కుదరక ఫైలు ఆగిపోతుంది. అన్నీ రాయండి. 'ఇదే నంబరు' అని మాత్రం మీరు తేల్చకండి.

చెరిపిన చోటుకీ, ఎన్నడూ ముద్ర పడని చోటుకీ తేడా వేలితో తడిమినా తెలుస్తుంది. చెరిపిన చోట ఉపరితలం కాస్త గుంటగానో, అతి చదునుగానో ఉంటుంది. ఆకురాయి గీతలు చుట్టూ ఉన్న పాలిష్‌కు అడ్డంగా పోతాయి. తుప్పు రంగు పక్క భాగంకన్నా లేతగా ఉంటుంది. ఎన్నడూ వేయని చోట తుప్పు, మరక, చెక్కుడు అంతా ఒకే తీరుగా సాగిపోతాయి. నంబరు లేనంత మాత్రాన దొంగసొత్తు కాదు. పల్లె కమ్మరి చేసిన భర్మార్‌కు నంబరు ఎప్పుడూ ఉండేది కాదు. అమెరికాలో ప్రతి తుపాకీకీ నంబరు తప్పనిసరి అయింది 1968 చట్టంతోనే, కాబట్టి అంతకుముందు అక్కడ చేసిన చౌక తుపాకులు కొన్ని నంబరు లేకుండానే బయటికొచ్చాయి. మీ రాతలో నొక్కి చెప్పాల్సింది ఈ తేడానే.

చెరిపిన నంబరును ఫోరెన్సిక్ ల్యాబులు కొన్నిసార్లు తిరిగి రప్పించగలవు. ముద్ర కొట్టినప్పుడు అడుగున లోహం నలిగి గట్టిపడుతుంది, పై అంకె పోయినా ఆ నలుగుడు మిగులుతుంది. రసాయనం పూస్తే నలిగిన లోహం వేరే తీరుగా తినబడి అంకె తేలుతుంది. ఆ పరీక్షకు అవకాశం మిగలాలన్నా మీరు దాన్ని గీకకూడదు.

నాలుగో మెట్టు: రాతపూర్వకంగా తెలియజేయడం

తుపాకీని గోనెసంచిలో చుట్టి స్కూటర్ మీద స్టేషనుకు తీసుకెళ్లొద్దు. దారిలో ఆపితే, అప్పజెప్పడానికే తెస్తున్నానన్న మాటకు సాక్ష్యం ఉండదు. ముందు ఒక వకీలుకు ఫొటోలు చూపించి, ఆ వెంటనే ఉత్తరం ఇవ్వండి, వాళ్లనే వచ్చి పంచనామా రాసి తీసుకెళ్లమనండి. ఉంచుకోవడం ఏ కారణంగానైనా చట్టబద్ధం కాకుండా పోయిన ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా దగ్గరి స్టేషన్లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలని సెక్షన్ 21 చెబుతుంది. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

'స్టేషన్ హౌస్ ఆఫీసరు గారికి. ఫలానా తేదీన, ఫలానా చిరునామాలో, మా తాతగారు కీర్తిశేషులు ఫలానా వారి గది సర్దుతుండగా ఒక పాత తుపాకీ కనిపించింది. పొడవు ఇంత, గొట్టాలు ఇన్ని, కనిపించిన గుర్తులు ఇవి. నంబరు కనిపించలేదు. మేము దేన్నీ శుభ్రం చేయలేదు, మార్చలేదు. ఫొటోలు జతపరిచాం. దీనిని సెక్షన్ 21 కింద మీ స్వాధీనంలోకి తీసుకుని రసీదు ఇప్పించగలరు. చట్ట ప్రకారం వారసత్వ లైసెన్సుకు దరఖాస్తు చేసుకునే మా హక్కు అలాగే ఉంచుకుంటున్నాం.'

చివరి వాక్యం వదిలేయకండి. అది లేకపోతే మీరు పూర్తిగా వదులుకున్నట్టు లెక్కేసే ప్రమాదం ఉంది. ఉత్తరం రెండు ప్రతులు చేసి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి, మరొకటి స్పీడ్ పోస్టులో లైసెన్సింగ్ అధికారికి. రసీదులో 'నంబరు లేదు' అని రాయించుకోండి, 'నంబరు చెరిపివేయబడింది' అని రాస్తే అక్కడికక్కడే మర్యాదగా అభ్యంతరం చెప్పి దిద్దించండి. ఆ ఒక్క మాట తేడా కేసు నడకనే మార్చేస్తుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? పాత రికార్డు ఎక్కడుంది?

కమిషనరేట్ ఉన్నచోట ఈ చట్టం దృష్టిలో జిల్లా మేజిస్ట్రేట్ అంటే పోలీస్ కమిషనరే. కాబట్టి విశాఖ నగర పరిధిలో ఉంటున్నవాళ్లకు కమిషనర్ కార్యాలయం, బయటివాళ్లకు ఆయా జిల్లా కలెక్టరేట్. ఇది ఇప్పటి దరఖాస్తుకు.

పాత లైసెన్సు రికార్డు కథ వేరు, ఇక్కడే ఎక్కువమంది తిరిగి తిరిగి విసిగిపోతారు. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖ జిల్లా మూడైంది. చోడవరం, నర్సీపట్నం వైపు తాతగారైతే ఇప్పటి జిల్లా అనకాపల్లి, పాడేరు, అరకు అయితే అల్లూరి సీతారామరాజు జిల్లా. 1979 జూన్ 1కి ముందు విజయనగరం ప్రాంతం విశాఖ, శ్రీకాకుళం జిల్లాల కింద ఉండేది. 1950కి ముందు శ్రీకాకుళమూ విశాఖలోనే. 1936 ఏప్రిల్ దాకా కోరాపుట్ కూడా ఈ జిల్లాదే. 1953 దాకా మద్రాసు ప్రభుత్వం. లైసెన్సు ఏ సంవత్సరానిదో ఊహించి, ఆ నాటికి ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో తేల్చుకుని అక్కడ అడగండి. ఇంగ్లీషు రికార్డుల్లో అప్పటి స్పెల్లింగు 'వైజాగపటం' (Vizagapatam). 'విశాఖపట్నం' అని వెతికిస్తే దొరకనిది దాంతో దొరకొచ్చు.

అడిగే పద్ధతి: సమాచార హక్కు చట్టం కింద కలెక్టరేటుకు 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు. తాతగారి పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, సుమారు సంవత్సరాలు రాసి, ఆయుధ లైసెన్సు రిజిస్టరులో ఆ పేరున ఉన్న నమోదు నకలు అడగండి. మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతచేస్తే పరాయివాళ్ల సమాచారమని తిప్పిపంపడం తగ్గుతుంది.

లైసెన్సు పుస్తకం పోయినా బెంగపడక్కర్లేదు. ఎన్నికల వేళ లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేయిస్తారు కదా, ఆ రసీదులు ఇనప్పెట్టె కాగితాల్లో ఉంటాయి. రెన్యువల్ ఫీజు చలాన్లు, తూటాలు కొన్న బిల్లులు, పాత వీలునామాలో 'తుపాకీ 1' అన్న పంక్తి, పంపకాల దస్తావేజు, తుపాకీ పట్టుకున్న వేట ఫొటో, అన్నీ పనికొస్తాయి. పాత నమోదులో నంబరు గడి దగ్గర గీత గానీ, 'నంబరు లేదు' అని గానీ ఉంటే అంతకన్నా మంచి కాగితం లేదు. తుపాకీ మొదటి నుంచీ అలాగే ఉందని ప్రభుత్వ పుస్తకమే చెబుతున్నట్టు.

దారి ఒకటి: వారసత్వ లైసెన్సు

పాత లైసెన్సు రుజువైతే ఇదే మేలైన దారి. ఆయుధ నిబంధనలు 2016లోని 25వ నిబంధన ప్రకారం లైసెన్సుదారు చనిపోయాక వారసుడికి ఇవ్వొచ్చు. బతికుండగానే 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు తన దగ్గరున్నా, తాను సూచించిన వారసుడికి ఇప్పించొచ్చు. దరఖాస్తు ఏ-1 ఫారంలో, ఎన్‌డాల్ అలిస్ పోర్టల్ (ఆయుధ లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైటు) ద్వారా. ఫొటోలు, ఆధార్, వయసు రుజువు, శారీరక, మానసిక ఆరోగ్య ధృవీకరణ, భద్రంగా దాచే ఏర్పాటు మీద హామీ, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం కావాలి. ఇక్కడ తరచూ ఆగిపోయేది చివరిదే. అమెరికాలో ఉన్న చెల్లెలి సంతకం రాక ఏడాది గడిచిన ఫైళ్లు ఉంటాయి, ముందే కాన్సులేట్‌లో ధృవీకరించి తెప్పించుకోండి.

ఒకరికి రెండు తుపాకులకు మించకూడదన్నది 2019 సవరణ, వారసత్వంగా వచ్చినా అదే లెక్క. ఇప్పటికే రెండున్న అన్నగారు కాకుండా ఏమీ లేని తమ్ముడు దరఖాస్తు చేయడం తెలివి.

నంబరు గడిలో ఏం రాయాలి? ఖాళీ వదలొద్దు, సొంతంగా అంకె కల్పించొద్దు. 'తయారీ నంబరు లేదు, ఉన్న గుర్తులు జతపరిచిన పత్రంలో' అని రాసి, గుర్తింపు ముద్ర విషయంలో ఆదేశం ఇవ్వమని విడిగా అర్జీ పెట్టండి. ఎవరి చేత, ఎక్కడ, ఏ అంకె వేయించాలో లైసెన్సింగ్ అధికారి రాతలో చెప్పాలి. పూర్ణా మార్కెట్లో చెక్కేవాడి దగ్గర నంబరు కొట్టించుకుంటే, లేని నేరాన్ని చేతులారా చేసినట్టే. తయారీదారు పేరు, ప్రూఫ్ ముద్ర ఉండి నంబరొక్కటే లేకపోతే, సెక్షన్ 8(2)లో పేరు, నంబరు, గుర్తు మధ్య 'లేదా' ఉందని మీ వకీలు వాదించే వీలుంది. ఆ వాదన ఎంతవరకు నిలబడుతుందన్నది పక్కనున్న కాగితాల బలాన్ని బట్టి.

దొరికినది .303 బోల్ట్ రైఫిలో, .455 రివాల్వరో అయితే ఈ దారి ఇరుకు. అవి సైనిక తూటా పట్టే రకాలు, ప్రొహిబిటెడ్ బోర్ (నిషేధిత రకం). నిర్ణయం ఢిల్లీలో కేంద్ర హోం శాఖది.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలున్న ఉత్తర్వు నకలు అడిగి తీసుకోండి. సెక్షన్ 18 కింద అప్పీలుకు గడువు 30 రోజులు.

దారి రెండు: పనికిరాని పాత వస్తువుగా

సెక్షన్ 45(సి) చదివి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు, తొందరపడి. కాలం చెల్లిన నమూనాదో, పురాతన విలువున్నదో, పాడైనదో అయిన ఆయుధానికి చట్టం వర్తించదు, నిజమే. కానీ దానికి తోక ఉంది: మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరానిది అయి ఉండాలి. స్ప్రింగు పోయిన భర్మార్, నిపుల్ ఊడిన భర్మార్ దీనికి సరిపోవు, ఆ భాగాలు మార్చి పేల్చొచ్చు కాబట్టి. గొట్టం చీలిపోయినదీ, గోడకు తుప్పుతో తూట్లు పడినదీ, వెనక మూత తినేసి పోయినదీ అయితే వాదన నిలుస్తుంది. తేల్చాల్సింది పోలీస్ ఆర్మరరో, ఫోరెన్సిక్ ల్యాబులోని బాలిస్టిక్స్ (తుపాకులు, తూటాల) నిపుణుడో. ఆ రిపోర్టు, దాని మీద అధికారి రాత రెండూ చేతికొచ్చాకే గోడకు తగిలించుకోండి.

పేలకుండా చేద్దామని ఇంట్లోనే గొట్టానికి రంధ్రం వేయించడం, కోయించడం వద్దు. గొట్టం పొట్టి చేయడానికే సెక్షన్ 6 కింద లైసెన్సు కావాలి.

2020 ఫిబ్రవరిలో నిబంధనలు సవరించి, క్యూరియో (అరుదైన పాత వస్తువు) తరగతి చిన్న ఆయుధాలు సంపాదించడానికీ, ఉంచుకోవడానికీ భారత పౌరులకు లైసెన్సు అక్కర్లేదన్నారు. వాడటానికి, వెంట తీసుకెళ్లడానికి, రవాణాకు మాత్రం కావాలి, లైసెన్సులో నమోదు లేకుండా తూటాలు అమ్మరు. ఇది మంచి వెసులుబాటే. కానీ ఏది క్యూరియో అన్నది నిబంధనల నిర్వచనం ప్రకారం, మన ఇంట్లోవాళ్ల లెక్క ప్రకారం కాదు. పైగా నంబరు చెరిపితే నేరమనే సెక్షన్ 8 ఎక్కడికీ పోలేదు. కాబట్టి మీ వస్తువు ఆ తరగతిలోకి వస్తుందని రాతపూర్వకంగా చెప్పించుకోకుండా దీని మీద ఆధారపడొద్దు.

వందేళ్లు దాటిన చారిత్రక వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి కూడా రావొచ్చు. టెక్సాస్‌లో ఉన్న అబ్బాయికి జ్ఞాపకంగా పంపుదామనుకోవడం ఎగుమతి నేరం దాకా వెళ్తుంది.

దారి మూడు: మ్యూజియానికి ఇవ్వడం

కుటుంబంలో ఎవరికీ లైసెన్సు మీద ఆసక్తి లేక, వస్తువుకు మాత్రం చరిత్ర ఉంటే ఇది గౌరవంగా బయటపడే దారి. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది, జమీందారీ కాలపు ఆయుధాలు అక్కడ ఉన్నాయి. రాష్ట్ర పురావస్తు, మ్యూజియంల శాఖకూ రాయొచ్చు. వరస తప్పొద్దు: ముందు పోలీస్ డిపాజిట్, తర్వాత మ్యూజియం అంగీకార పత్రం, ఆ తర్వాత లైసెన్సింగ్ అధికారి అనుమతి, అప్పుడు స్టేషన్ నుంచి నేరుగా మ్యూజియానికి. మీ చేతుల మీదుగా ఇస్తే అదీ బదిలీయే.

దారి నాలుగు: పూర్తిగా అప్పజెప్పడం

ఏ కాగితమూ దొరకలేదు, నంబరు చోట ఆకురాయి గీతలు స్పష్టంగా ఉన్నాయి, తుపాకీ పేలే స్థితిలో ఉంది. ఈ మూడూ కలిస్తే ఉంచుకునే ఆశ వదులుకోండి. వకీలు ద్వారా వెళ్లి అప్పజెప్పి, పంచనామా నకలు, రసీదు, మీ ఉత్తరం ప్రతి ఒకే కవరులో పెట్టి దాచండి. పదేళ్ల తర్వాత ఆస్తి తగాదాలో ఎవరైనా 'వాళ్లింట్లో తుపాకీ ఉండేది' అని ఫిర్యాదు చేస్తే చూపించాల్సింది ఆ కవరే.